డింగ్‌బోచే విశ్రాంతి రోజు తీసేసి అందరికీ డయామాక్స్: ఈ బేరం ఒప్పుకోవచ్చా?

సెలవుచీటీ

దసరా సెలవులకు హైదరాబాద్ నుంచి 14 మందిమి ఎవరెస్ట్ బేస్ క్యాంప్ ట్రెక్‌కి వెళ్తున్నాం. వయసులు 24 నుంచి 57 దాకా. ఇద్దరు బీపీ మాత్రలు వాడుతున్నారు, ఒకరికి సల్ఫా మందులు పడవు. నిర్వాహకులు పంపిన ప్లాన్ ఇది:

1వ రోజు: మంథలి నుంచి లుక్లా (2,860 మీటర్లు) విమానం, ఫక్డింగ్ (2,610) దాకా నడక
2: నామ్చే బజార్ (3,440)
3: నామ్చేలోనే
4: తెంగ్‌బోచే (3,860)
5: డింగ్‌బోచే (4,410)
6: లోబుచే (4,940)
7: గోరక్‌షెప్ (5,164), బేస్ క్యాంప్ (5,364) చూసి మళ్లీ గోరక్‌షెప్
8: తెల్లవారుజామున కాలాపత్థర్ గుట్ట ఎక్కడం, తర్వాత ఫెరిచే దాకా దిగడం
9: నామ్చే
10: లుక్లా
11: తిరుగు విమానం
12: విమానం ఎగరకపోతే వాడుకోవడానికి ఖాళీ రోజు

మామూలు ప్లాన్లలో ఒళ్లు ఎత్తుకు అలవాటు పడటానికి డింగ్‌బోచేలో రెండు రాత్రులుంటాయి. ఇందులో ఒక రాత్రి తీసేసి దాన్ని చివర ఖాళీ రోజుగా పెట్టారు. దానికి బదులు, బయల్దేరే ముందు రోజే కాఠ్మాండూలో అందరూ ఎత్తు జబ్బు (పైన ఆక్సిజన్ చాలక వచ్చే తలనొప్పి, వికారం) రాకుండా వేసుకునే డయామాక్స్ మాత్ర, 125 మిల్లీగ్రాములు ఉదయం ఒకటి, సాయంత్రం ఒకటి మొదలుపెట్టాలట. వద్దన్నవాళ్లు రాకూడదట. మాలో సగం మంది సరేనంటున్నారు, సగం మంది గుర్రుగా ఉన్నారు. ఎత్తుల గురించి తెలిసినవాళ్లు చెప్పండి: ఒక రోజుకు బదులు ఒక మాత్ర, ఈ లెక్క సరిపోతుందా?

దారిబత్తెం

సరిపోతుంది. ఇందులో దాచేదేమీ లేదు. లుక్లా విమానాలు ఉదయం పూటే నడుస్తాయి. మధ్యాహ్నానికి గాలి లేస్తుంది, మబ్బు కమ్ముతుంది, అంతే సంగతులు. ఒక రోజు ఆగిపోతే మర్నాడు ఆ రోజువాళ్లకే ముందు సీట్లు, ఆగినవాళ్లు వెనక వరసలో. అక్టోబర్ అంటే ఏడాది మొత్తంలో రద్దీ ఎక్కువుండే నెల. చివర ఖాళీ రోజు పెట్టుకోని గ్రూపు కాఠ్మాండూ నుంచి తిరుగు విమానం పోగొట్టుకుంటుంది, 14 టికెట్లు మళ్లీ కొనాలి. నిర్వాహకుడు ఆలోచించింది దీని గురించే.

డయామాక్స్ విషయానికొస్తే అది కొత్త మందూ కాదు, ప్రయోగమూ కాదు. 125 రోజుకు రెండుసార్లు అన్నది చాలా తక్కువ మోతాదు. 14 మందిలో ఆరుగురు వేసుకుని ఎనిమిది మంది వేసుకోకపోతే నాలుగో రోజు నుంచి గ్రూపు రెండుగా చీలుతుంది. ఒకే వేగంతో నడవాల్సిన గ్రూపుకి ఒకే నియమం ఉండటంలో తప్పేముంది?

అరకుకాళ్లు

మందు వేసుకుని కొండెక్కడం ఏంటండీ. ఒళ్లు దానంతటది అలవాటు పడాలి. ఆ మాత్ర తలనొప్పిని కప్పెట్టేస్తుంది, లోపల జబ్బు ముదిరిపోతున్నా తెలీదు. అక్కడి లాడ్జీల్లో వెల్లుల్లి సూప్ ఇస్తారు, షెర్పాలు తరాలుగా తాగుతున్నదే. రోజుకి నాలుగు లీటర్ల నీళ్లు, వెల్లుల్లి సూప్, నిదానంగా నడక. ఈ మూడూ చాలు. మన పూర్ణ మాలావత్ 13 ఏళ్లకే ఎవరెస్ట్ ఎక్కేసింది, మీరు బేస్ క్యాంప్‌కే భయపడుతున్నారు.

స్టెత్తుమూట

డాక్టర్‌ని. అరకుకాళ్లు గారి పోస్టులో సగం ఒప్పు, సగం ప్రమాదకరం. ముందు ప్రమాదకరమైన సగం గురించి చెప్తాను.

డయామాక్స్ అంటే ఎసిటజోలమైడ్. ఇది తలనొప్పిని కప్పిపెట్టదు. పైకి వెళ్లగానే ఆక్సిజన్ చాలక మనం ఎక్కువగా ఊపిరి పీలుస్తాం. అలా పీలిస్తే కార్బన్ డయాక్సైడ్ ఎక్కువగా బయటికి పోయి రక్తం క్షారం వైపు మొగ్గుతుంది. అప్పుడు మెదడు శ్వాసకు కళ్లెం వేస్తుంది. మూత్రపిండాలు బైకార్బొనేట్‌ని బయటికి పంపి ఈ తేడాను సరిచేయడానికి కొన్ని రోజులు పడుతుంది. డయామాక్స్ ఆ పనిని మొదటి రోజు నుంచే చేయిస్తుంది, అంటే ఒళ్లు ఎలాగూ చేసే పనినే తొందరపెడుతుంది. దాన్ని వేసుకున్నాక తలనొప్పి లేదంటే నిజంగానే లేదని అర్థం. లక్షణాలను కప్పిపెట్టేది వేరే మందు, డెక్సామెథసోన్. అది వేసుకుంటే బాగున్నట్టు అనిపిస్తుంది, ఆపగానే జబ్బు తిరగబడుతుంది. ఈ రెండిటినీ కలగలిపేయడం వల్లే ఈ అపోహ పుట్టింది.

వెల్లుల్లి సూప్ వేడిగా, ఉప్పగా ఉంటుంది, తాగండి. ఎత్తు జబ్బును ఆపుతుందనడానికి మాత్రం ఆధారం లేదు. జింకో అనే చెట్టు ఆకులతో చేసే మాత్రలు కూడా అమ్ముతుంటారు. ఎవరెస్ట్ దారిలోనే ట్రెక్కర్ల మీద పరీక్షించారు, 2004లో ఫలితాలు వచ్చాయి. జింకో ఉత్తుత్తి మాత్రతో సమానంగా తేలింది, ఎసిటజోలమైడ్ పనిచేసింది. అదే దారిలో తర్వాత 125, 375 మోతాదుల్ని పోల్చి చూశారు. రెండూ ఒకేలా కాపాడాయి, 375 వేసుకున్నవాళ్లకి వేళ్ల తిమ్మిర్లు ఎక్కువ, అంతే తేడా. కాబట్టి 125 చాలు.

నీళ్లు నాలుగు లీటర్లని లెక్క పెట్టుకుని తాగక్కర్లేదు. మూత్రం లేత రంగులో వస్తుంటే చాలు. అతిగా తాగితే రక్తంలో సోడియం పడిపోతుంది. అప్పుడు వచ్చే తలనొప్పి, వికారం అచ్చం ఎత్తు జబ్బులాగే ఉంటాయి.

ఇక పూర్ణ సంగతి. ఎవరెస్ట్ ఎక్కేవాళ్లు ఎవరైనా కింద వారాల తరబడి ఉండి ఒంటిని అలవాటు చేసుకుంటారు. ఆ ఉదాహరణ మీ వాదనకి కాదు, విశ్రాంతి రోజు ఉండాలనే వాదనకి పనికొస్తుంది.

ఇప్పుడు దారిబత్తెం గారికి. మందు మంచిదే. 'తప్పనిసరి' అన్న మాటే తప్పు. ఇది డాక్టర్ చీటీ మీద ఇవ్వాల్సిన మందు. బీపీ మాత్రలు వాడే ఆ ఇద్దరి మాత్రలో హైడ్రోక్లోరోథయాజైడ్ లాంటి నీరు తీసే మందు కలిసి ఉందేమో చూడాలి. అది, డయామాక్స్ కలిస్తే పొటాషియం పడిపోతుంది. డయామాక్స్ కూడా సల్ఫా కుటుంబానిదే, అయినా సల్ఫా పడనివాళ్లలో చాలామందికి దానివల్ల ఏమీ కాదు. కానీ గతంలో సల్ఫాతో ఒళ్లంతా బొబ్బలు లేచినా, గొంతు వాచి ఊపిరాడకపోయినా అసలు ముట్టుకోకూడదు. గర్భిణులకు, మూత్రపిండాల జబ్బు లేదా సిర్రోసిస్ (కాలేయం గట్టిపడే జబ్బు) ఉన్నవాళ్లకు, మూత్రంలో రాళ్లు పడేవాళ్లకు సొంత డాక్టర్ చెప్పాలి, ట్రెక్ లీడర్ కాదు. వేసుకోదలచినవాళ్లు బయల్దేరడానికి రెండు మూడు వారాల ముందు ఇంట్లోనే ఒకరోజు వేసుకుని చూడండి. వేళ్లు, పెదాలు చీమలు పాకినట్టుంటే భయపడకండి, అది మామూలే. సోడా చప్పగా అనిపించడం కూడా అంతే.

లెక్కలపంతులు

నిర్వాహకుడి పక్షాన ఒక లెక్క. నామ్చేలో రెండు రాత్రులు 3,440లో. అక్కణ్నుంచి నాలుగు రాత్రుల్లో 5,164. తేడా 1,724 మీటర్లు. నాలుగుతో భాగిస్తే రాత్రికి 431. అందరూ చెప్పే నియమం ఏమిటి? 3,000 మీటర్లు దాటాక పడుకునే ఎత్తు రోజుకి 500కి మించి పెంచకూడదని. 431 అంటే 500 లోపే కదా. మరి గొడవెక్కడ?

స్టెత్తుమూట

సగటులో దాక్కుంది, పంతులు గారూ. విడివిడిగా చూడండి: తెంగ్‌బోచేకి 420, డింగ్‌బోచేకి 550, లోబుచేకి 530, గోరక్‌షెప్‌కి 224. ఆఖరి 224 వల్ల సగటు తగ్గిందే గానీ, మధ్యలో వరసగా రెండు రోజులు గీత దాటారు. పైగా ఆ నియమానికి రెండో సగం కూడా ఉంది, మూడు నాలుగు రోజులకోసారి ఎత్తు పెంచకుండా ఒక రోజు ఆగాలని. ఈ ప్లాన్‌లో నామ్చే తర్వాత ఆగడమన్నదే లేదు. నియమాన్ని అంచుదాకా లాగి పట్టుకున్నారు. 14 మందిలో ఒంటి తీరు 14 రకాలుగా ఉంటుంది, ఒకరిద్దరి విషయంలోనైనా ఆ అంచు తెగుతుంది.

దారిబత్తెం

అంచు తెగకుండా పట్టుకోవడానికే కదా డాక్టర్ గారూ మందు. ఎక్కువ ముప్పుండే ప్లాన్‌కి మందు ముందే వేసుకోమని మీ వైద్య మార్గదర్శకాలే చెప్తున్నాయి. దాన్నే పాటిస్తున్నాడాయన.

స్టెత్తుమూట

నిజమే. విమానంలో నేరుగా లేహ్‌లో దిగేవాళ్లకి, రెస్క్యూకి వెళ్లేవాళ్లకి, అంటే నెమ్మదిగా ఎక్కే వీలు లేనివాళ్లకి అలా చెప్తాం. ఇక్కడ వీలుంది, దాన్ని తీసేశారు. ముప్పును తామే పెంచి, ఆ పెంచిన ముప్పుకి మందు రాస్తున్నారు.

మూటముల్లె

డాక్టర్ సారు చెప్పింది ఒక ముచ్చట, నేను ఇంకో ముచ్చట చెప్త. డింగ్‌బోచే రోజు ఉన్నది ఒట్టిగ అలవాటు కోసమే కాదు. అది జల్లెడ.

ఎత్తు జబ్బు కొత్త ఎత్తుకు పోయినంక ఆరు నుంచి పన్నెండు గంటల్ల బయటపడుతది. అయిదో రోజు మధ్యాహ్నం డింగ్‌బోచే చేరితే రాత్రికో, తెల్లారో తల పట్టుకుంటరు. రెండో రాత్రి ఉన్నదనుకో, పొద్దుగాల తలనొప్పి ఉన్నోడు పండుకుంటడు, మిగిలినోళ్లు నాంకార్ త్షాంగ్ గుట్ట మీద వీలైనంత దూరం ఎక్కి దిగుతరు. సాయంత్రానికి ఎవరు తేరుకున్నరు, ఎవరు తేరుకోలేదు, తేటగ తెలుస్తది. తేరుకోనోడిని పాంగ్‌బోచేకు దింపుతే రెండు గంటల నడక, నాలుగొందల మీటర్లు కిందికి. పని అయిపాయె.

ఆ రాత్రి లేదనుకో, తల పట్టుకున్నోడు గూడ పొద్దుగాల ఏడింటికి బ్యాగు తగిలించుకుని లోబుచే దిక్కు నడుస్తడు, ఎందుకంటె అందరు నడుస్తున్నరు కాబట్టి. తుక్లా (4,620) కాడ భోజనం. దాని మీద నిటారు ఎక్కుడు, ఎవరెస్ట్ మీద సచ్చిపోయినోళ్ల గుర్తుగ పేర్చిన రాతి గుట్టలు. మూడింటికి లోబుచే. అక్కడ పడిపోతే కింద ఫెరిచే దాక దింపాలె. గోరక్‌షెప్‌ల పడిపోతే ఇంకా కష్టం. లోబుచేకు తెచ్చినా దిగింది 220 మీటర్లే, అది దించినట్టే కాదు. దారి మొత్తం హిమనదం పక్కన రాళ్ల గుట్టల మీద ఎక్కుడు దిగుడు. చీకట్ల, మైనస్ పదిల, తూలుతున్న మనిషిని పట్టుకుని నడిపించుడు ఎట్లుంటదో ఆలోచించుండ్రి.

మాత్ర జబ్బును తగ్గిస్తది, జల్లెడ పట్టదు. మాత్ర వేసుకున్నా కొందరికి వస్తది. వాళ్లు ఎవరో తెల్సేది ఎట్ల? ఆగితేనే.

స్టెత్తుమూట

మూటముల్లె గారు చెప్పినదానికి ఒక్కటి కలుపుతాను. ఊపిరితిత్తుల్లో నీరు చేరే రకం, దాన్ని హేప్ అంటారు. డయామాక్స్ దాన్ని ఆపుతుందని నమ్ముకోవడానికి లేదు. అది ఎత్తుకెళ్లిన రెండో రాత్రి తర్వాత ఎక్కువగా కనబడుతుంది, ముందు తలనొప్పి రావాలన్న నియమం కూడా లేదు. నిన్నటిదాకా ముందు నడిచినవాడు ఇవాళ చదునులో కూడా వెనకబడటం, కూర్చున్నా ఆయాసం, పొడి దగ్గు. ఇవే మొదటి గుర్తులు. ఖుంబూలో, అంటే ఎవరెస్ట్ కింది ఈ ప్రాంతంలో, పొడి గాలికి అందరూ దగ్గుతారు, అందుకే దీన్ని పట్టించుకోరు. దగ్గొక్కటే అయితే సరే. కూర్చున్నప్పుడు కూడా ఆయాసముంటే మాత్రం ఆ గంటలోనే దించాలి.

అరకుకాళ్లు

డెక్సాని, డయామాక్స్‌ని కలిపేశాను, ఒప్పుకుంటున్నాను. కానీ అసలు మాట వదలను. రోజు ఉంటే మందు అక్కర్లేదు కదా? డింగ్‌బోచే రోజు పెట్టేస్తే ఎవరికీ మాత్ర లేకుండానే అయిపోద్ది.

స్టెత్తుమూట

అదీ పూర్తిగా నిజం కాదు. విశ్రాంతి రోజు ఉన్న ప్లాన్‌లో కూడా 550, 530 దూకుళ్లు అలాగే ఉంటాయి. ఇంతకుముందు 3,000 దాటినప్పుడు జబ్బుపడినవాళ్లు విశ్రాంతి రోజు ఉన్నా వేసుకోవడమే మేలు. ఎప్పుడూ అంత ఎత్తుకు వెళ్లనివాళ్లు కావాలంటే వేసుకోవచ్చు. వెళ్లొచ్చి బాగున్నవాళ్లకి అవసరం తక్కువ. ఎవరికి వాళ్లు తేల్చుకోవాల్సిన విషయమిది. ఫిట్‌నెస్‌ని చూసి తేల్చకండి. హాఫ్ మారథాన్ పరిగెత్తేవాడికీ వస్తుంది. ఇంకా చెప్పాలంటే బలమున్నవాడు గబగబా నడుస్తాడు, తలనొప్పిని లెక్కచేయడు, అదే కొంప ముంచుతుంది.

దారిబత్తెం

జల్లెడ వాదన బాగుంది. కానీ ఎవరూ ముట్టుకోని ప్రశ్న ఒకటుంది: ఆ ఖాళీ రోజు పోతే ఏం చేస్తారు? 12వ రోజు కూడా విమానం లేకపోతే? కబుర్లు కాదు, దారి చెప్పండి.

మూటముల్లె

చెప్త అన్నా. చివరి రోజును పైసలు పెట్టి కొనొచ్చు. డింగ్‌బోచే రోజును కొనలేం.

ఒకటి: విమానాలు ఆగినప్పుడు లుక్లా నుంచి హెలికాప్టర్‌ల సీట్లు పంచుకుని పోతరు. మబ్బు మస్తుగ ఉంటే అది గూడ ఎగరదు, కాని రన్‌వే అక్కర్లేదు కాబట్టి కొంచెం సందు దొరికినా లేస్తది. ఖర్చు మనిషికి వందల డాలర్లు. ప్రతి ఒక్కరు ఆ పైసలు పక్కకు పెట్టుకోవాలె, వాడకపోతే ఎవరి పైసలు వాళ్లయే.

రెండు: లుక్లాకు కింద ఉన్న సల్లేరి ఊరి దిక్కు నుంచి జీపు రోడ్డు పైకి వచ్చింది. లుక్లా నుంచి ఒక రోజు కిందికి నడిస్తే జీపు దొరుకుతది, అక్కడి నుంచి కాఠ్మాండూకు ఇంకో రోజంత ఒళ్లు హూనం. 12వ రోజుకు ఇది అందదు, కాని రెండు మూడు రోజులు విమానాలు బంద్ అయితే ఇదే దిక్కు.

మూడు: హైదరాబాద్ టికెట్ ఒక రోజు తర్వాతికి మార్చుకోండి. 14 మంది ఒక్క రోజు సెలవు పెంచుకునుడు అన్నిటికంటె సస్తా.

నాలుగు, ఇది ఎవరికీ నచ్చదు: అన్ని రోజులు లేకుంటే బేస్ క్యాంప్‌కు పోవద్దు. అన్నపూర్ణ బేస్ క్యాంప్ 4,130 మీటర్లే, లుక్లా విమానం లొల్లి లేదు. లాంగ్‌టాంగ్‌ల క్యాంజిన్ గోంపా 3,870, కాఠ్మాండూ నుంచి నడక మొదలయ్యే ఊరి దాక బస్సు పోతది. అదే సెలవుల్ల రెండిట్ల ఏదైనా నింపాదిగ అయితది.

ఇంకోటి మర్చిపోవద్దు. మన దసరా అంటే నేపాలోళ్ల దసైం. వాళ్లకు అంతకన్న పెద్ద పండుగ లేదు. పోర్టర్లు, గైడ్లు ఇంటికి పోతమంటరు, దొరికినోళ్లు తక్కువ. ఆఫీసులు బంద్. పోర్టర్లను ఇప్పటి నుంచే ఖాయం చేసుకున్నరా, కనుక్కోండి. లేకుంటే ఇద్దరి బరువు ఒక్కడి నెత్తిన పెడ్తరు.

లెక్కలపంతులు

పోర్టర్ల మాట వచ్చింది కాబట్టి. 'అందరికీ డయామాక్స్' అన్నప్పుడు ఆ అందరిలో పోర్టర్లు ఉన్నారా? లెక్కేస్తే ఇద్దరు ట్రెక్కర్లకొక పోర్టర్ చొప్పున ఏడుగురు వస్తారు.

మూటముల్లె

అదే కదా పంతులూ. పోర్టర్లంత షెర్పాలే, వాళ్లకు ఎత్తు లెక్కే లేదు అనుకుంటరు. రాయి, తమాంగ్, మగర్ జాతులోళ్లు చాలామంది, కింద లోయల ఊళ్లళ్లకెల్లి వస్తరు. వాళ్లకు గూడ తల పగుల్తది, ఎత్తు జబ్బుతోని పోర్టర్లు సచ్చిన సంగతులున్నయి. పని పోతదని చెప్పరు. సాయంత్రం లెక్క తీసేటప్పుడు వాళ్లను గూడ అడగాలె. జబ్బుపడ్డ పోర్టర్‌ను జీతం చేతుల పెట్టి ఒక్కడినే కిందికి తోలద్దు, నేపాలీ మాట్లాడే మనిషిని ఎంబడి పంపాలె. మూట 30 కిలోలు దాటద్దు, అంటే ఇద్దరి డఫెల్ బ్యాగులు కలిపి, ఆయన సొంత సామాను గూడ కలిపి. లుక్లా విమానంల ఎట్లాగు మనిషికి 15 కిలోలే, చేతి బ్యాగుతోని కలిపి. దానికి తగ్గట్టు సర్దుకుంటే పోర్టర్ నడుము గూడ మిగుల్తది.

సెలవుచీటీ

చాలా ఉపయోగపడుతోంది. రెండు సందేహాలు. మాలో ఒకరు వేలికి పెట్టే ఆక్సిమీటర్ తెస్తానంటున్నారు, రోజూ అందరి రక్తంలో ఆక్సిజన్ శాతం రాసి 80 కింద ఉన్నవాళ్లని దించుదామంటున్నారు. అది పనిచేస్తుందా? గ్రూపుకి ఒక గైడ్, ఒక అసిస్టెంట్ అన్నారు, చాలా?

దారిబత్తెం

ఆక్సిమీటర్ అంకె పట్టుకుని మనిషిని దించకండి. గోరక్‌షెప్‌లో 75, 80 ఉండి హాయిగా పప్పన్నం తినేవాళ్లు ఉంటారు, 86 ఉండి వాంతులు చేసుకునేవాళ్లూ ఉంటారు. చల్లబడ్డ వేలు తప్పు చూపిస్తుంది, గోళ్ల రంగు కూడా ఇబ్బందే. చెయ్యి జేబులో అయిదు నిమిషాలు వెచ్చబెట్టి, కూర్చుని, అంకె నిలకడపడేదాకా ఆగి చూడాలి. ఇంత చేసినా అది రెండో సాక్షి మాత్రమే. పైగా డైనింగ్ హాల్లో పొయ్యి చుట్టూ కూర్చుని 14 మంది అంకెలు పోల్చుకోవడం మొదలుపెడితే అదో పందెం అవుతుంది. తక్కువొచ్చినవాడు రాత్రంతా నిద్రపోడు.

ఇద్దరు గైడ్లు చాలరు. ఇందులో నాకూ డాక్టర్ గారికీ తేడా ఉండదు. ఒకరిని దింపాలంటే ఒక గైడ్ వెళ్లాలి. అదే రోజు రెండోవాడు పడిపోతే మిగతా పన్నెండు మందినీ గైడ్ లేకుండా వదిలేయాలి. 14 మందికి ఒక గైడ్, ముగ్గురు అసిస్టెంట్లు ఉండాలి. ఖర్చు పెరుగుతుంది. పెరగనివ్వండి.

స్టెత్తుమూట

అంకెకి బదులు నాలుగు ప్రశ్నలు. సాయంత్రం అయిదింటికి, భోజనానికి ముందు, ఒక్కొక్కరినీ పక్కకి పిలిచి అడగండి, అందరి ముందూ కాదు. తలనొప్పి, కడుపు సంగతి, నీరసం, కళ్లు తిరగడం. ఒక్కోదానికి సున్నా నుంచి మూడు మార్కులు. తలనొప్పి ఉండి మొత్తం మూడు గానీ అంతకు మించి గానీ వస్తే అది ఎత్తు జబ్బే, వేరేదని రుజువయ్యేదాకా. నిద్ర పట్టలేదన్నది 2018 నుంచి ఈ లెక్కలో లేదు, పైన ఎవరికీ సరిగా పట్టదు కాబట్టి.

తలనొప్పి ఉన్నవాళ్లు ఆ రాత్రి ఉన్న ఎత్తులోనే పడుకోవాలి. పారాసిటమాల్‌తో పోయి మర్నాడు పొద్దున మందు లేకుండా బాగుంటే పైకి రావచ్చు. ఎక్కువవుతుంటే కిందికి. ఎవరి నడకైనా తేడాగా ఉంటే నేలమీద గీత గీసి, మడమకి బొటనవేలు ఆనిస్తూ పది అడుగులు వేయించండి. తూలితే మెదడు వాస్తోందని అర్థం. ఇక రాత్రా పగలా అని చూడొద్దు, డెక్సామెథసోన్ 8 మిల్లీగ్రాములు ఇచ్చి ఆ తర్వాత ఆరు గంటలకోసారి 4 ఇస్తూ దించడమే. తెల్లారాక హెలికాప్టర్ వస్తుందిలే అని మంచమెక్కించకండి. ఆ మందు పెట్టె గైడ్ సంచీలో ఉండాలి, పోర్టర్ మూటలో కాదు. మూట ఎప్పుడూ రెండు గంటలు ముందో వెనకో ఉంటుంది.

నిద్ర మాత్రలు, మందు పార్టీలు దిగేటప్పుడు నామ్చేలో పెట్టుకోండి. ఆల్ప్రజోలం లాంటివి శ్వాసను ఇంకా తగ్గిస్తాయి.

ఫెరిచేలో హిమాలయన్ రెస్క్యూ అసోసియేషన్ ఆస్పత్రి 1973 నుంచి ఉంది. సీజన్‌లో డాక్టర్లుంటారు, మధ్యాహ్నం పూట ట్రెక్కర్లకి ఉచితంగా ఎత్తు జబ్బు గురించి చెప్తారు. డింగ్‌బోచే నుంచి చిన్న గుట్ట దాటితే ఫెరిచే. విశ్రాంతి రోజు ఉంటే గ్రూపంతా వెళ్లి వినొచ్చు. అది కూడా ఆ రోజుతోపాటే పోయింది మీ ప్లాన్‌లో.

దారిబత్తెం

డాక్టర్ గారూ, ఆఖరికి ఇదంతా గ్రూపు తీరు మీదే ఆధారపడి ఉంటుంది. కలిసి డబ్బు కట్టారు, కలిసి రావాలి, నా వల్ల ఆలస్యం కాకూడదు అనుకుంటారు, అందుకే దాస్తారు. 1980ల చివర్లో నేపాల్‌లో ట్రెక్కర్ల మరణాలు లెక్కగట్టినప్పుడు ఎత్తు జబ్బుతో పోయినవాళ్లలో ఎక్కువమంది ఒంటరిగా తిరిగేవాళ్లు కాదు, తేదీలు బిగించుకుని గ్రూపుల్లో వచ్చినవాళ్లే. నా వాదనకు ఇది వ్యతిరేకమని తెలిసే రాస్తున్నాను. అందుకే నేనైతే మందు అందరికీ అంటాను, దాచేవాడిని కూడా అది కాస్త కాపాడుతుంది కాబట్టి. రోజు పెట్టినా దాచేవాడు దాస్తాడు.

మూటముల్లె

దాస్తడు, కరెక్టే. కాని ఎందుకు దాస్తడు? 'వెనకబడితే ఏమైతది' అన్నది తెల్వక. బయల్దేరక ముందే కాయితం మీద రాసుకోండి: దిగినోడి ఎంబడి అసిస్టెంట్ గైడ్ పోతడు, లాడ్జి ఖర్చు గ్రూపు డబ్బులకెల్లి, పైకి పోయినోళ్లు దిగేటప్పుడు పాంగ్‌బోచేల కలుస్తరు. బేస్ క్యాంప్ చూడలేదని ఎవ్వరు ఎక్కిరియ్యద్దు. ఇది ముందే తెలిస్తే సగం మంది దాయరు.

ఇన్సూరెన్స్ గూడ అప్పుడే చూడండి. 6,000 మీటర్ల దాక ట్రెక్కింగ్, హెలికాప్టర్ తరలింపు రెండూ ఉన్నట్టు పాలసీల అక్షరాల ఉండాలె. మన దగ్గర అమ్మే విదేశీ ప్రయాణ పాలసీలు చాలా వాటిల్ల ఒక ఎత్తు దాటితే చెల్లదని చిన్న అక్షరాల్ల ఉంటది. ఇంకో దిక్కు, అవసరం లేకున్నా హెలికాప్టర్ ఎక్కిచ్చి బిల్లులు దండుకునే దందా 2018ల బయటపడ్డది. అందుకే చిన్న తలనొప్పికే 'హెలికాప్టర్ పిలుద్దామా' అని ఎవరన్న తొందరపెడితే ముందు ఆగి చూడండి, ఎక్కువైతే కిందికి నడవండి. ముదిరే తలనొప్పికి మొదటి మందు దిగుడే. మనిషి నడవలేని స్థితిల ఉంటే మాత్రం బేరాలు చూడద్దు.

లెక్కలపంతులు

రాత్రులు చూసుకునేవాళ్లకి ఇంకో చిట్కా. తెంగ్‌బోచేకి బదులు పాంగ్‌బోచేలో (సుమారు 3,985) పడుకుంటే ఆ రోజు 545 అవుతుంది, మర్నాడు డింగ్‌బోచేకి 425. మొత్తం మారదు, కానీ నామ్చేలో రెండు రాత్రులు గడిపిన మర్నాడే పెద్ద దూకుడు వస్తుంది, ఒళ్లు ఇంకా తాజాగా ఉన్నప్పుడు. మొదటి రోజు ఫక్డింగ్‌లో ఆగకుండా మోంజో (2,835) దాకా వెళ్తే నామ్చే ఎక్కుడు 830 నుంచి దాదాపు 600కి తగ్గుతుంది. మంథలి విమానం పొద్దున్నే దింపితే సాయంత్రంలోపు మోంజో చేరొచ్చు. కాకపోతే మంథలికి కాఠ్మాండూలో అర్ధరాత్రి దాటాక బయల్దేరాలి, నిద్రలేని ఒళ్లని గుర్తుంచుకోండి.

అరకుకాళ్లు

పంతులుగారి లెక్క నాకు నచ్చింది. తిండి సంగతి ఎవరూ ఎత్తలేదు. నామ్చే పైన మాంసం తినకండి, కింద కోసింది రోజుల తరబడి మోసుకొస్తారు. రెండు పూటలా దాల్‌భాత్, మారు వడ్డిస్తారు. లోబుచే దగ్గర ఆకలి చచ్చిపోద్ది, అప్పుడు కందిపొడి, ఆవకాయ ఉంటే నాలుగు ముద్దలు ఎక్కువ దిగుతాయి. ఆవకాయ నూనె కారకుండా గట్టి డబ్బాలో, 200 గ్రాములు చాలు మనిషికి. ఇది నమ్మకం కాదు డాక్టర్ గారూ, ఆకలి సంగతి.

స్టెత్తుమూట

దీన్ని కాదనను.

సెలవుచీటీ

నిర్వాహకులతో మాట్లాడాం. తిరుగు టికెట్లు ఒక రోజు తర్వాతికి మారుస్తున్నాం, ఛార్జీ మేమే కడుతున్నాం. డింగ్‌బోచే రెండో రాత్రి వచ్చింది, ఖాళీ రోజూ ఉంది. అసిస్టెంట్లు ముగ్గురు. డయామాక్స్ 'తప్పనిసరి' తీసేసి 'సొంత డాక్టర్ చీటీతో' అని మార్చారు. ముగ్గురికి మాత్రం సెలవు పెరగదు, వాళ్లు ఈసారికి రావడం లేదు. వేసుకునేవాళ్లకి ఎన్ని మాత్రలు కావాలి?

దారిబత్తెం

ముగ్గురిని వదులుకుని రోజు తెచ్చుకున్నారన్నమాట. నేనైతే ఆ ముగ్గురినీ మందుతో తీసుకెళ్లేవాణ్ని. సరే, మీ గ్రూపు.

స్టెత్తుమూట

మన దగ్గర దొరికేది 250 మాత్ర, సగానికి విరవాలి. బయల్దేరే ముందు రోజు నుంచి గోరక్‌షెప్ రాత్రి దాకా తొమ్మిది రోజులు, రోజుకి రెండు సగాలు. అంటే మనిషికి తొమ్మిది మాత్రలు. జబ్బుపడితే పూర్తి 250 పూటకొకటి ఇవ్వాలి కాబట్టి ఇంకో ఆరు కలుపుకోండి. దిగడం మొదలైన రోజు ఆపేయొచ్చు. మాత్ర మీద గీత సరిగా లేకపోతే మందుల షాపులో అమ్మే కట్టర్‌తో ఇంట్లోనే విరిచి డబ్బాలో వేసుకోండి. లోబుచేలో గడ్డకట్టిన వేళ్లతో విరిస్తే సగం మంచం కిందే వెతుక్కోవాలి. సాయంత్రపు సగం అయిదింటికే వేసుకోండి, తొమ్మిదింటికి కాదు. రాత్రి లేవాల్సింది రెండుసార్లయినా తగ్గుతుంది. అక్కడ బాత్రూమ్ నడవా చివరన ఉంటుంది, నేల మీద మంచు పేరుకుని ఉంటుంది.